ఆరుబయట మొదలుపెట్టి స్టూడియోలో ముగించే ప్రకృతి దృశ్య చిత్రం: సమగ్ర మార్గదర్శి

ఆరుబయట నిలబడి దృశ్యాన్ని చిత్రించడానికి కావలసిన నైపుణ్యం వేరు, అదే దృశ్యాన్ని స్టూడియోలో పెద్ద కాన్వాస్ మీద పూర్తి చేయడానికి కావలసిన నైపుణ్యం వేరు. బయట వెలుతురు ఆగదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతూనే ఉంటాడు కాబట్టి, రెండు గంటలు గడిచేసరికి నీడల దిశ, పొడవు, రంగు అన్నీ మారిపోతాయి. స్టూడియోలో వెలుతురు నిలకడగా ఉంటుంది, సమయం కావలసినంత దొరుకుతుంది, కాని ఎదుట దృశ్యం ఉండదు. అందువల్ల బయట తప్పక చేయవలసినదేమిటో, లోపలికి వాయిదా వేయదగినదేమిటో ముందే విడదీసుకున్నవారికి ఈ విద్య త్వరగా పట్టుబడుతుంది. కొమ్మల అల్లిక, రాళ్ల ఆకారాలు, ఇంటి కప్పు వివరాలు ఫొటో చూసి కూడా వేసుకోవచ్చు. ఆకాశం ముందు చెట్టు ఎంత ముదురుగా ఉంది, ఎండలోని గడ్డికీ నీడలోని గడ్డికీ రంగులో ఎంత తేడా ఉంది, దూరపు కొండ ఏ మేరకు నీలి రంగుకు తిరిగింది అనే సంబంధాలను మాత్రం అక్కడే కంటితో చూసి, అక్కడే రంగులో పెట్టుకోవాలి. కింద చెప్పే ప్రతి అంచెకూ ఆధారం ఇదే.

పాతకాలపు చిత్రకారులు కూడా పనిని ఇలాగే విభజించుకున్నారు. ఫ్రెంచి చిత్రకారుడు పియెర్ ఆన్రి ద వాలన్సియెన్ 1800 నాటికే తన శిష్యులకు ఒక గడువు పెట్టాడు: బయట వేసే అధ్యయన చిత్రానికి రెండు గంటలకు మించరాదు, సూర్యోదయ సూర్యాస్తమయాలకైతే అరగంట చాలు. ఇంగ్లండ్‌లో జాన్ కానిస్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో హామ్‌స్టెడ్ ప్రాంతంలో మేఘాలను ఆయిల్ రంగుల్లో చిత్రిస్తూ, వాటి వెనుక తేదీ, వేళ, గాలి తీరు రాసిపెట్టుకున్నాడు. ఆరడుగుల కాన్వాసులకు వచ్చేసరికి అదే పరిమాణంలో ముందొక ముసాయిదా చిత్రం వేసుకుని, అసలు చిత్రాన్ని స్టూడియోలో పూర్తి చేసేవాడు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ నొక్కితే రంగు బయటికి వచ్చే తగరపు ట్యూబుకు పేటెంట్ పొందాక రంగులను వెంట తీసుకెళ్లడం సులువైంది. అంతకుముందు వాటిని పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి దాచుకునేవారు. ఆరుబయట చిత్రణకు పెద్దదిక్కుగా అందరూ చెప్పుకునే క్లోద్ మోనే సైతం ఫ్రాన్స్‌లోని రువాన్ నగరపు పెద్ద చర్చి (కథీడ్రల్) చిత్రాలను 1892, 1893లలో ఎదురు గదుల కిటికీల నుంచి వేళకొక కాన్వాస్ మారుస్తూ వేసి, 1894లో జివెర్నీలోని తన స్టూడియోలో వాటి మీద చాలాకాలం పనిచేసి, 1895లో గాని ప్రదర్శించలేదు. కాబట్టి లోపల పూర్తి చేసిన చిత్రం బయట వేసినదానికన్నా తక్కువదనే పట్టింపును మొదట్లోనే వదిలేయవచ్చు.

సామగ్రి

బయటికి తీసుకెళ్లే సరంజామా అంతా ఒక వీపుసంచిలో, ఒక మడత ఈజిల్‌లో (చిత్రాన్ని నిలబెట్టే స్టాండు) ఇమడాలి. మోయలేనంత బరువున్నప్పుడు మంచి చోటు కోసం వెతకడం మాని, బండి ఆగిన చోటే కూర్చుంటాము. చిత్రం పరిమాణం 6×8 లేదా 8×10 అంగుళాలు ఉంటే చాలు. రెండు గంటల్లో మొత్తం ఉపరితలాన్ని ఆలోచించి కప్పగలిగేది అంతే. తర్వాత పెద్దది చేయాలనుకుంటే నిష్పత్తి కలవాలన్న సంగతి ఇప్పుడే గుర్తుంచుకోండి: 6×8 స్కెచ్ (బయట వేసిన ఆ చిన్న చిత్రం) 18×24 కాన్వాస్‌కు, 8×10 స్కెచ్ 16×20 లేదా 24×30 కాన్వాస్‌కు సరిగ్గా సరిపోతాయి.

జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లని పూత) పూసిన చెక్క లేదా కాన్వాస్ పలక మీద ముందురోజే బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగును పలచగా రుద్ది ఆరనివ్వండి. తెల్లని పలక ఆరుబయట కళ్లు జిగేలుమనిపించి, దాని మీద పెట్టిన ప్రతి రంగునూ ఉన్నదానికన్నా ముదురుగా చూపిస్తుంది. మధ్యస్థమైన గోధుమ రంగు పూత మీదనైతే లేత ఏదో, ముదురు ఏదో మొదటి స్పర్శలోనే తెలిసిపోతుంది.

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్ లైట్, పర్మనెంట్ అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా. అసలైన అలిజరిన్ వెలుతురుకు క్రమంగా వెలిసిపోతుంది కాబట్టి ట్యూబు మీద పర్మనెంట్ అనే మాట ఉందో లేదో చూసి తీసుకోండి. నలుపు అక్కరలేదు, అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు రంగు దానికన్నా లోతుగా ఉంటుంది. ఆకుపచ్చ ట్యూబును మొదటి ఏడాది కొనకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ట్యూబులోని పచ్చ ఎప్పుడూ ఒకే పచ్చ, ప్రకృతిలో పచ్చ ఏ రెండు చోట్లా ఒకటిగా ఉండదు.

బిరుసు వెంట్రుకల పట్టీ కుంచెలు మూడు సైజుల్లో, ఒక పాలెట్ నైఫ్ (రంగులు కలిపే మొద్దు కత్తి), గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో వాసన తక్కువగా ఉండే పలచనద్రవం, పాత గుడ్డలు, తడి చిత్రం చెరిగిపోకుండా మోసుకొచ్చే గాడులున్న పెట్టె తప్పనిసరి. గొడుగు తెల్లగానో బూడిద రంగులోనో ఉండాలి. ఎర్ర గొడుగు కింద వేసిన చిత్రం ఇంట్లో చూస్తే వేరే రంగులో కనిపిస్తుంది. ఇదే కారణంగా ముదురు, మందకొడి రంగు చొక్కా వేసుకోండి, ఎందుకంటే ప్రకాశవంతమైన చొక్కా తన రంగును తడి పలక మీదికి ప్రతిఫలింపజేస్తుంది. రంగు కళ్లద్దాలు పని మొదలుపెట్టేముందే తీసేయాలి. గాలికి ఈజిల్ పడిపోకుండా సంచిని దాని కాళ్ల మధ్య వేలాడదీయండి.

నీటిరంగులు వాడేవారు చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం తీసుకోవాలి, లేత నుంచి ముదురుకు వెళ్లాలి కాబట్టి ఇక్కడ చెప్పే వరుసను తిరగేసుకోవాలి. గ్వాష్ (నీటితో కలిపే, అడుగు కనపడనివ్వని రంగు) త్వరగా ఆరి, మెరుపు లేకుండా ఉంటుంది గనుక బయటి అధ్యయనాలకు చాలా అనువైనది. యాక్రిలిక్ రంగులు ఎండలో, గాలిలో నిమిషాల్లో గట్టిపడతాయి, వాటికి తడి పాలెట్ (రంగులు ఆరకుండా తేమ పట్టి ఉంచే, రంగులు కలుపుకునే పళ్లెం) కావాలి. ఇక ముందుకు చెప్పేదంతా ఆయిల్ రంగులను దృష్టిలో పెట్టుకున్నది.

చోటు, వేళ

సూర్యుడు ఏటవాలుగా ఉండే ఉదయపు తొలి గంటలు, సాయంత్రపు చివరి గంటలు మంచివి, ఎందుకంటే పొడవైన నీడలు నేల ఎత్తుపల్లాలను, చెట్టు గుండ్రదనాన్ని స్పష్టంగా చూపిస్తాయి. నడినెత్తి ఎండలో నీడలు కుంచించుకుపోయి ఆకారాలన్నీ చదునుగా కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి మబ్బు పట్టిన రోజు నిజంగా వరమే. వెలుతురు నెమ్మదిగా మారుతుంది, నీడల వెంట పరుగెత్తే అవసరం ఉండదు, పచ్చని రంగుల తేడాలు కూడా ఎండలో కన్నా బాగా తెలుస్తాయి.

ఎక్కడ నిలబడతారన్నది ఏది వేస్తారన్నంత ముఖ్యం. పలక మీదా పాలెట్ మీదా నేరుగా ఎండ పడకూడదు. ఎండలో మెరిసే పలక మీద అన్ని రంగులూ వెలిగిపోతాయి కాబట్టి మనం తెలియకుండానే ముదురుగా కలుపుతాము, ఇంటికి తెచ్చాక చిత్రం మసకబారి చీకటిగా కనిపిస్తుంది. దట్టమైన నీడలో నిలబడితే దీనికి వ్యతిరేకంగా అంతా పాలిపోయినట్టు లేతగా వస్తుంది. పలకా, పాలెట్టూ ఒకే రకమైన పలచని నీడలో ఉండటం అన్నిటికన్నా మేలు.

చోటు కోసం తిరగడానికి పదిహేను నిమిషాలకు మించి ఖర్చుచేయకండి. చిత్రం నిష్పత్తిలోనే కిటికీ కోసిన అట్టముక్క ఒకటి జేబులో ఉంచుకుని, దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా జరుపుతూ చూస్తే విశాలమైన దృశ్యంలోంచి చిత్రం ఎక్కడుందో తెలుస్తుంది. మొదట్లో ఆకాశం, నేల, ఒక చెట్ల గుంపు ఉన్న సాదా దృశ్యాన్నే ఎంచుకోండి. అందమైన దృశ్యాలు కొత్తవారిని వివరాల్లోకి లాగేస్తాయి. ప్రైవేటు స్థలమైతే అనుమతి తీసుకోవడం, ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికి చెప్పి ఉంచడం, తాగునీరు వెంట ఉంచుకోవడం మరువకూడదు.

రంగుకు ముందు టోన్

రంగు ఏదైనా సరే, దాని ముదురు లేత స్థాయిని చిత్రకారులు టోన్ అంటారు. ప్రకృతి దృశ్యం నిలబడేది దీని మీదే. రంగులో కొంత తేడా వచ్చినా చూపరి క్షమిస్తాడు, టోన్ తప్పితే దూరం, వెలుతురు రెండూ పోతాయి. అందుకే పలక ముట్టుకునేముందు పెన్సిల్‌తోనో మార్కర్‌తోనో రెండు మూడు అంగుళాల బొమ్మలు మూడు వేయండి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు చాలు. కళ్లు సగం మూసి చూస్తూ, దృశ్యాన్నంతా లేత, మధ్యస్థం, ముదురు అనే మూడు స్థాయిల్లోకి కుదించండి. ఈ మూడింటి విస్తీర్ణం సమానంగా ఉండకూడదు, ఒకటి స్పష్టంగా పైచేయి కావాలి. దిగంతరేఖను సరిగ్గా మధ్యలో పెట్టకుండా ఆకాశం ముఖ్యమో నేల ముఖ్యమో ఇక్కడే తేల్చుకోండి.

టోన్లను ఊహించడానికి పనికొచ్చే ఒక సూత్రం ఉంది. వెలుతురు పైనుంచి వస్తుంది కాబట్టి సాధారణంగా ఆకాశం అన్నిటికన్నా లేతగా, పైకి ముఖం పెట్టిన చదునైన నేల దాని తర్వాత, కొండవాలు ఆ తర్వాత, నిటారుగా నిలిచిన చెట్లు అన్నిటికన్నా ముదురుగా ఉంటాయి. మంచు కప్పిన నేల, తుఫాను మేఘాలు, తెల్లని ఇసుక ఈ వరుసను తలకిందులు చేస్తాయి, అయినా కొలిచి చూసుకోవడానికి ఒక ఆధారమంటూ ఉండటం మంచిది. మొదటి నెలంతా తెలుపు, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ మాత్రమే వాడి టోన్ చిత్రాలే వేయగలిగే ఓపిక ఉన్నవారు తర్వాత రంగుల్లో చాలా ముందుంటారు.

చిన్న బొమ్మల్లో నచ్చినదాని మీద సూర్యుడు ఎటున్నాడో బాణం గుర్తుతో చూపండి. ఇక మీదట నీడలు ఎటు జరిగినా మీ చిత్రంలో సూర్యుడు ఆ బాణం దగ్గరే ఉండాలి.

మొదటి నలభై నిమిషాలు

పలచని బర్న్ట్ సియెన్నాతో దిగంతరేఖ, పెద్ద ఆకారాల హద్దులు నాలుగైదు గీతల్లో గుర్తించండి. కొమ్మలు, కిటికీలు ఇప్పుడు వద్దు. వెంటనే నీడల ఆకారాలను పలచని ముదురు రంగుతో నింపేయండి, దృశ్యంలో అన్నిటికన్నా ముందు మారిపోయేవి అవే. వాటిని ఒకసారి బంధించాక మిగతాది కాస్త నిదానంగా చూసుకోవచ్చు.

తర్వాత కుంచె పక్కన పెట్టి, పాలెట్ నైఫ్‌తో నాలుగు పెద్ద రంగు కుప్పలు కలపండి: ఆకాశం, ఎండలోని నేల, నీడలోని నేల, చెట్ల ముదురు భాగం. వీటిని పాలెట్ మీద పక్కపక్కన పెట్టి ఎదుటి దృశ్యంతో పోల్చండి. ఇక్కడే సంబంధాలు కుదిరితే చిత్రం సగం పూర్తయినట్టే, ఇక్కడ కుదరనివి పలక మీద ఎంత దిద్దినా కుదరవు. ఈ దశను దాటేసి నేరుగా పూయడం మొదలుపెట్టడం కొత్తవారి చిత్రాలు బురదగా మారడానికి మొదటి కారణం.

ఇప్పుడు ఏ భాగాన్నీ ముగించకుండా మొత్తం పలకను కప్పండి. ఆకాశాన్ని తొందరగా పెట్టాలి, ఎందుకంటే మిగతా టోన్లన్నీ దానితో పోల్చే నిర్ణయిస్తాము. ముదురు భాగాల్లో రంగు పలచగా, లేత భాగాల్లో మందంగా ఉండాలి. కుంచెను ఒకచోట పెట్టి, తీసి, మరోచోటికి వెళ్లండి, తడి రంగును అటూ ఇటూ రుద్దుతూ కూర్చుంటే దాని శుభ్రత పోతుంది. పెద్ద కుంచె ఇక ఏ పనికీ పనికిరాదనిపించే వరకు చిన్నది తీయకండి. ఏ రంగునూ విడిగా చూడకుండా, ఇది దానికన్నా లేతదా, వెచ్చనిదా, మందకొడిదా అని ప్రతిసారీ రెండోదానితో పోల్చి అడగాలి.

కంటికి నేర్పవలసిన రంగులు

మిగిలిన గంటంతా రంగుల సంబంధాలను సరిదిద్దడానికే. ఇక్కడ మెదడు కంటిని మోసం చేస్తుంది. గడ్డి పచ్చ, కొండ గోధుమ, మేఘం తెలుపు అని చిన్ననాటి నుంచి తెలిసిన జ్ఞానం ఎదుట కనిపిస్తున్నదాన్ని కప్పేస్తుంది. బయట పనిచేయడంలోని అసలు శిక్షణ ఈ పొరను తొలగించుకోవడమే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

మనకూ దూరపు వస్తువుకూ మధ్య ఉన్న గాలి ఎండలోని నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లుతుంది. ఆ వెదజల్లిన కాంతి దూరపు ముదురు రంగుల మీద పలచని నీలి తెరలా పరుచుకుంటుంది. అందువల్ల దూరం పెరిగేకొద్దీ ముదురువి లేతబడి, నీలంగా మారతాయి. దూరపు కొండ మీది నీడ ఎప్పుడూ దగ్గరి చెట్టు నీడంత ముదురుగా ఉండదు. చాలామంది ఇక్కడితో ఆగి దూరపు ప్రతిదానికీ నీలం కలుపుతారు. తెల్లని వస్తువుల విషయంలో జరిగేది దీనికి వ్యతిరేకం: దూరపు మేఘం, మంచు కొండ నుంచి వచ్చే కాంతిలోని నీలి భాగాన్ని దారిలోని గాలి పక్కకు చెదరగొడుతుంది కాబట్టి అవి పసుపు, లేత నారింజ వైపు తిరుగుతాయి. దిగంతం దగ్గరి మేఘాలను నెత్తిమీది మేఘాలతో పోల్చి చూడండి. పచ్చదనంలో ముందుగా మాయమయ్యేది పసుపు. దగ్గరి పొలంలో పసుపుపచ్చగా ఉన్నది మధ్యదూరంలో మందకొడి పచ్చగా, ఇంకా దూరంలో నీలి బూడిదగా మారుతుంది. దూరం వెనక్కి పోవడం లేదని అనిపించినప్పుడు, నీలం కలపడానికి ముందు, అక్కడ పసుపు ఎక్కువైందేమో చూసుకోండి.

పచ్చలను కలపడానికి అల్ట్రామెరీన్, లెమన్ ఎల్లో మొదలు. దాన్ని ఎల్లో ఓకర్ మట్టి ఛాయకు దించుతుంది, బర్న్ట్ సియెన్నా వెచ్చబరుస్తుంది, చిటికెడు అలిజరిన్ దాని గాఢతను తగ్గిస్తుంది. ఎండ వెనుకనుంచి పడుతున్న ఆకు, ఎండను ప్రతిఫలించే ఆకు రెండూ లేతవే అయినా మొదటిది పసుపుగా వెలుగుతుంది, రెండోది ఆకాశపు చల్లదనాన్ని మోస్తుంది. ఈ ఒక్క తేడాను పట్టుకుంటే చెట్టు పచ్చని ముద్దలా కాకుండా గాలి ఆడుతున్న చెట్టులా నిలుస్తుంది.

నిర్మలమైన రోజున నీడలోని నేల సూర్యుణ్ణి చూడదు గాని నీలాకాశాన్ని చూస్తుంది. కాబట్టి పైకి ముఖం పెట్టిన నీడలు నీలంగా, ఊదాగా ఉంటాయి. గోడ కింది అంచు, చెట్టు కొమ్మల అడుగుభాగం వంటి కిందికి ముఖం పెట్టిన నీడలు ఎండపడిన నేల నుంచి ఎగసిన వెలుతురును అందుకుని వెచ్చగా ఉంటాయి. నీడలన్నిటికీ ఒకే ఊదా రంగు పూసే అలవాటు వెలుతురును చంపేస్తుంది. మబ్బు రోజున ఈ వరుస మారి, వెలుగు చల్లగా, నీడలు దానితో పోలిస్తే వెచ్చగా కనిపిస్తాయి.

ఆకాశం కూడా చదునైన నీలం కాదు. నడినెత్తిన లోతుగా ఉండి, దిగంతం వైపు వచ్చేకొద్దీ లేతబడుతుంది, సూర్యుడున్న వైపు వెచ్చగా, అవతలి వైపు చల్లగా ఉంటుంది. నిశ్చలమైన నీటిలోని ప్రతిబింబాల్లో సాధారణంగా లేతవి కాస్త ముదురుగా, ముదురువి కాస్త లేతగా కనిపిస్తాయి. పైగా ప్రతిబింబం మనం చూస్తున్న దృశ్యానికి నకలు కాదు, నీటి మట్టం నుంచి చూస్తే ఏది కనిపిస్తుందో అది. వంతెన అడుగుభాగం మనకు కనపడకపోయినా నీటిలో కనపడటానికి కారణం ఇదే.

ఆపవలసిన వేళ

రెండు గంటలు దాటాక ఎదుటి దృశ్యం మీరు మొదలుపెట్టినది కాదు. కొత్త నీడ ఎంత అందంగా కనిపించినా దాన్ని వెంబడించకండి, సగం ఉదయపు నీడ, సగం మధ్యాహ్నపు వెలుతురు ఉన్న చిత్రాన్ని స్టూడియోలో ఏ ఉపాయమూ బాగుచేయలేదు. రెండో పలక తీయండి, లేదా అదే వాతావరణం ఉన్న మరో రోజున అదే వేళకు తిరిగి రండి.

చివరి పదిహేను నిమిషాలు సమాచారం కోసం. పలక వెనుక తేదీ, వేళ, సూర్యుడి దిశ, వాతావరణం, మిమ్మల్ని ఆకట్టుకున్నది ఏమిటన్నది ఒక వాక్యంలో రాయండి. స్టూడియోలో దారి తప్పినప్పుడు తిరిగి చదువుకోవలసింది ఆ చివరి వాక్యాన్నే. ముఖ్యమైన చెట్టు కాండం నుంచి కొమ్మలు ఎలా విడిపోయాయో, ఇల్లు నేలను ఎలా తాకిందో పెన్సిల్‌తో గీసుకోండి. ఫొటోలు తీసేటప్పుడు ఒకటి ఆకాశానికి, ఒకటి నీడలకు తగినట్టు వెలుతురు సర్దుబాటు చేసి తీయాలి, ఎందుకంటే ఒకే ఫొటోలో కెమెరా ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తుంది, లేదా నీడలను నల్లగా మూసేస్తుంది. ఫోన్ల వెడల్పు లెన్స్ దగ్గరి వస్తువులను పెద్దవి చేసి దూరపు కొండను చిన్నబుచ్చుతుంది కాబట్టి కాస్త జూమ్ చేసిన ఫొటో కూడా ఉంచుకోండి.

వాడిన పలచనద్రవాన్ని నేల మీద గాని, నీటిలో గాని పారబోయకూడదు. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి వదిలేస్తే నూనె గాలితో చర్య జరుపుతూ వేడెక్కి, వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీటిలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టి, తర్వాత జాగ్రత్తగా పారవేయండి.

స్టూడియోలో మొదటి పని చూడటం

ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు కిటికీ నుంచి నేరుగా ఎండ పడకుండా రోజంతా దాదాపు ఒకేలా వచ్చే వెలుతురును చిత్రకారులు ఎప్పటినుంచో ఇష్టపడ్డారు. అది లేనివారు సుమారు 5000 కెల్విన్ రంగు ఉష్ణోగ్రత (పగటి వెలుతురుకు దగ్గరి తెలుపు), 90కి పైబడిన సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో తెలిపే సంఖ్య) ఉన్న దీపాన్ని కాన్వాస్, పాలెట్ రెండింటి మీదా సమానంగా పడేట్టు అమర్చుకుంటే సరిపోతుంది.

స్కెచ్‌ను ఎదురుగా పెట్టి కొన్ని రోజులు ఊరికే చూడండి. గదికి అవతలి గోడ దగ్గర నిలబడి, కళ్లు సగం మూసి చూసినప్పుడు ఆ నాటి వెలుతురు కనిపిస్తే ఆ స్కెచ్ పూర్తయిందని లెక్క. దాన్ని ముట్టుకోవద్దు. స్టూడియోలో పూర్తి చేయడం పేరిట చెడిపోయిన స్కెచ్‌ల సంఖ్య, బయట చెడిపోయినవాటికన్నా ఎక్కువేనని నాకనిపిస్తుంది. టోన్లు సరిగ్గా ఉండి, ఒక కొమ్మ అడ్డంగా వచ్చిందనో ఒక అంచు పదునుగా ఉందనో తోస్తే, నాలుగైదు స్పర్శలతో దిద్ది ఆపేయాలి. స్కెచ్‌లో చెప్పకుండా మిగిలిన విషయం చాలా ఉందని అనిపించినప్పుడు మాత్రమే పెద్ద కాన్వాస్ తీయండి.

పెద్దది చేయడం

స్కెచ్‌ను ఉన్నదున్నట్టు పెద్దది చేస్తే బోలుగా కనిపిస్తుంది. ఎనిమిది అంగుళాల పలక మీద చెట్టును సూచించిన ఒక్క కుంచె స్పర్శ, మూడు రెట్లు పెద్ద కాన్వాస్ మీద రంగు మరకగా మిగిలిపోతుంది. అక్కడ ఆ చెట్టుకు కాండం, గుబుర్లు, గుబుర్ల మధ్య ఆకాశపు సందులు కావాలి. బయట గీసిన పెన్సిల్ బొమ్మలు, ఫొటోలు పనికొచ్చేది ఇప్పుడే. దీనికి ఒక గట్టి నియమం పెట్టుకోండి: ఆకారం ఫొటో నుంచి తీసుకోవచ్చు, రంగు, టోన్ మాత్రం స్కెచ్ నుంచే రావాలి.

మొదట కాన్వాస్ నిష్పత్తిలోనే చిన్న కాగితం మీద బొగ్గుతో ముసాయిదా వేసి, బయట తీరిక లేక వదిలేసిన కూర్పు ప్రశ్నలను తేల్చండి. చెట్టును కాస్త జరపాలా, ముందుభాగంలోని పొద తీసేయాలా, దారి వంపు కంటిని లోపలికి తీసుకెళ్తోందా, బయటికి తోసేస్తోందా? వస్తువులను స్వేచ్ఛగా జరపవచ్చు, వెలుతురు దిశను మాత్రం మార్చకూడదు. అది మారితే స్కెచ్‌లోని రంగులేవీ ఇక చెల్లవు.

తర్వాత స్కెచ్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరచి దాని మీద గళ్లు గీయండి, కాన్వాస్ మీద అదే సంఖ్యలో పెద్ద గళ్లు గీసి ముఖ్యమైన హద్దులను బొగ్గుతో మార్చండి. ఆ షీటుకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. పెద్ద కాన్వాస్ కోసం కలిపిన రంగును నైఫ్ కొనతో షీటు మీద, స్కెచ్‌లోని అదే రంగు పక్కన తాకించి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది, స్కెచ్‌కు హాని జరగదు. ముఖ్యమైన ఆరేడు రంగులను ఇలా సరిచూసి, ఎక్కువ మోతాదులో ముందే కలిపి ఉంచుకోండి.

పొరలు

బయట ఒకే విడతలో తడి మీద తడిగా వేసిన చిత్రం స్టూడియోలో పొరలుగా పెరుగుతుంది. ఆయిల్ రంగు నీరు ఆవిరైనట్టు ఆరదు, నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా గట్టిపడి, ఎక్కువకాలం సాగే గుణంతో ఉంటుంది. దాని మీద నూనె తక్కువున్న పొర వేస్తే పైది ముందే బిగిసిపోయి, అడుగుది కదిలినప్పుడు పగుళ్లు వస్తాయి. కాబట్టి మొదటి పొరను పలచనద్రవంతో పలుచగా వేసి, పై పొరలకు వెళ్లేకొద్దీ కొంచెం కొంచెంగా నూనె పెంచాలి. అంబర్ వంటి మట్టి రంగులు త్వరగా, ఐవరీ బ్లాక్, కాడ్మియం రంగులు నిదానంగా ఆరతాయన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

మొదటి పొరలో కాన్వాస్ అంతా స్కెచ్‌లోని పెద్ద టోన్లతో కప్పేయండి. ఆరాక రెండో పొరలో ఆకాశం నుంచి దూరపు కొండలకు, అక్కడినుంచి ముందుకు వస్తూ ఆకారాలను నిర్మించండి. ఆకాశం, దానికి ఆనుకున్న చెట్ల అంచులు ఒకే రోజు తడిగా ఉన్నప్పుడు వేస్తే ఆ అంచు సహజంగా కరుగుతుంది, ఆరిన ఆకాశం మీద వేసిన చెట్టు కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. వివరాలను చిత్రమంతా సమానంగా పంచకండి. పలక వెనుక రాసుకున్న వాక్యం దేని గురించైతే అక్కడ పదునైన అంచులు, బలమైన టోన్ తేడాలు, మందమైన రంగు ఉండాలి. మిగతాచోట్ల అంచులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోనివ్వండి.

చిత్రం మూడు వంతులు అయ్యాక ఫొటోలను తీసి దాచేయండి. ఆ దశలో అవి ప్రతి ఆకునూ వేయమని ఊరిస్తూనే ఉంటాయి. స్కెచ్‌ను కూడా కొంతసేపు గోడవైపు తిప్పి, కాన్వాస్ తన కాళ్ల మీద తాను నిలబడుతోందో లేదో చూడండి. అద్దంలో చూడటం, తలకిందులుగా పెట్టి చూడటం అలవాటుపడిన కంటికి కనిపించని వంకరలను బయటపెడతాయి.

చివరి పనులు

ఆరేటప్పుడు ముదురు రంగులున్న చోట నూనె కింది పొరలోకి ఇంకిపోయి, రంగు మెరుపు తగ్గి బూడిదగా కనిపించవచ్చు. అది చూసి ముదురు రంగు మళ్లీ పూయకండి. తాకితే అంటనంతగా ఆరిన తర్వాత, ఆ చోట చాలా పలచగా అవిసె నూనె రుద్ది, మిగిలినదంతా గుడ్డతో తుడిచేస్తే అసలు టోన్ తిరిగి కనిపిస్తుంది, అప్పుడు దిద్దవలసినదేమైనా ఉంటే దిద్దవచ్చు. సంప్రదాయ వార్నిష్ పూయడానికి రంగు మందాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగాలి. ఈలోగా ప్రదర్శించాలంటే రీటచ్ వార్నిష్ అనే తాత్కాలిక పూతను పలచగా వేస్తారు. ఆరుతున్న చిత్రాన్ని దుమ్ము తగలని, మామూలు వెలుతురు ఉన్న గదిలో ఉంచాలి. చీకటి బీరువాలో నెలల తరబడి పెడితే అవిసె నూనె పసుపు తిరుగుతుంది. అలా తిరిగిన చిత్రాన్ని వెలుతురులో కొన్ని వారాలు ఉంచితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. ఆధారంగా వాడిన స్కెచ్‌ను, దాని వెనుక రాతనూ పెద్ద కాన్వాస్‌తో పాటే భద్రపరచండి, ఎందుకంటే అదే దృశ్యాన్ని మరో పరిమాణంలో వేయాలనిపించినప్పుడు మీరు తిరిగి వెళ్లవలసింది పూర్తయిన చిత్రం దగ్గరికి కాదు, ఆ చిన్న పలక దగ్గరికే.